బడి బీరువాకు తాళమున్నది, బడి కంప్యూటరుకు ఉన్నదా?



మన బడులలో ఆఫీసు గదికి ఒక మూలగా ఇనుప బీరువా ఉండుట మీరెరుగుదురు. అడ్మిషన్ రిజిస్టరు, మార్కుల రిజిస్టరు, టీసీ పుస్తకము, ఉపాధ్యాయుల సర్వీసు పుస్తకములు, ఫీజు రసీదులు అన్నియు దానిలోనే ఉండేవి. తాళపుచెవి ప్రధానోపాధ్యాయుని జేబులోనే ఉండేది. ఆయన సెలవు పెట్టినచో ఎవరికి ఇచ్చి వెళ్లెనో అందరికి తెలిసేది. 1843లో రాబర్ట్ నోబుల్ దొరగారు మచిలీపట్నంలో బడి తెరిచిన నాటి నుండి మన ప్రాంతపు సంఘ పాఠశాలలు తరతరాల పిల్లల పేర్లను ఈ విధముగానే భద్రపరచుకొనుచు వచ్చినవి.

ఇప్పుడు ఆ బీరువాలోని వివరములన్నియు కంప్యూటరులోనికి వచ్చినవి. బిడ్డ పుట్టిన తేది, కులము, ఆధార్ సంఖ్య, తండ్రి ఫోను నంబరు, బ్యాంకు ఖాతా, ఫొటో, మార్కులు అన్నియు దానిలోనే. ఆ కంప్యూటరు మరి పది కంప్యూటర్లతోను, అవన్నియు బయటి ప్రపంచముతోను తీగల ద్వారా కలిసియున్నవి. ఈ కొత్త బీరువా తాళపుచెవి ఎవరి వద్ద ఉన్నదని అడిగినచో చాలా బడులలో జవాబు దొరకదు. "ఆ కుర్రాడెవరో వచ్చి పెట్టి వెళ్లాడండీ, అతనికే తెలుసు" అందురు.

కంప్యూటర్ల నెట్‌వర్కు పెట్టుకొనదలచిన పాఠశాల కమిటీలకు, ఇదివరకే పెట్టుకొనిన వారికి, వారిని ప్రశ్నింపవలసిన తల్లిదండ్రులకు ఉపయోగపడునని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఇంతవరకు వచ్చిన దారి

మన దేశములో బడి పిల్లలకు కంప్యూటరు చూపించిన మొదటి పెద్ద ప్రయత్నము 1984-85లో జరిగినది. కేంద్ర ప్రభుత్వము 'క్లాస్' అను పథకము క్రింద మొదట 250 పాఠశాలలకు ఇంగ్లండు నుండి వచ్చిన బీబీసీ మైక్రో యంత్రములనిచ్చినది. తరువాత 2004లో ప్రభుత్వ పాఠశాలలలో కంప్యూటరు ల్యాబుల పథకము వచ్చినది. మన రాష్ట్రములో 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి శ్రీ రామ్‌నాథ్ కోవింద్ గారు వెలగపూడిలో ఫైబర్‌నెట్‌ను ప్రారంభించిరి. కరెంటు స్తంభముల మీదుగానే ఫైబరు తీగ లాగి, నెలకు 149 రూపాయల మొదటి ధరతో పల్లెలకు ఇంటర్నెట్టు తెచ్చిరి.

2022 డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో ప్రభుత్వము ఎనిమిదవ తరగతి పిల్లలకు ట్యాబుల పంపిణీ మొదలుపెట్టినది. పిల్లలకు, ఉపాధ్యాయులకు కలిపి రాష్ట్రమంతటికి 5 లక్షలకు పైగా ట్యాబులు. తరువాత తరగతి గదులలో పెద్ద డిజిటల్ తెరలు వచ్చినవి. ఇక ఆఫీసు పని సంగతి చెప్పనక్కరలేదు. పిల్లల వివరములు యూడైస్ ప్లస్‌లో ఎక్కించవలెను, అపార్ సంఖ్యకు తల్లిదండ్రుల సమ్మతి పత్రము తీసికొనవలెను. ప్రభుత్వ బడియైనను, ఎయిడెడ్ బడియైనను, సంఘము నడుపు చిన్న ప్రైవేటు బడియైనను ఈ పని తప్పదు. కావున కంప్యూటరు మనకు వలెనా వద్దా అను చర్చ ముగిసినది. దానిని ఎట్లు పెట్టుకొందుము, ఎట్లు కాపాడుకొందుము అనునదే మిగిలిన ప్రశ్న.

నెట్‌వర్కు అనగా మన కాలువల వంటిదే

డెల్టాలో పుట్టినవారికి నెట్‌వర్కును వివరించుట కష్టము కాదు. 1855 నాటికి పూర్తియైన కృష్ణ ఆనకట్టయు, దాని స్థానమున 1957లో వచ్చిన ప్రకాశం బ్యారేజీయు మనకు నేర్పిన పాఠమే ఇది. నది నీరు నేరుగా చేలోనికి రాదు. హెడ్ రెగ్యులేటరు వద్ద షట్టర్లు ఎత్తి, ప్రధాన కాలువకు, అక్కడినుండి పిల్ల కాలువకు, తూము ద్వారా పంట బోదెకు, బోదె నుండి చేనికి వచ్చును.

ఇంటర్నెట్టు నది అనుకొనుడి. బడి గోడ వద్ద ఉండు రౌటరు అను పెట్టె హెడ్ రెగ్యులేటరు. స్విచ్చి అను పెట్టె పిల్ల కాలువలను చీల్చు చోటు. కేబుళ్లు బోదెలు. వైఫై అనునది నీటిని గాలిలో చిమ్ము యంత్రము వంటిది. తీగ అక్కరలేదు గాని గట్టు దాటి పక్క చేలోను పడును. ఫైర్‌వాల్ అనునది షట్టరు. ఏది లోపలికి రావలెనో, ఏది రాకూడదో అది నిర్ణయించును.

అన్నిటికంటె ముఖ్యమైన సంగతి ఒకటున్నది. మంచినీటి చెరువును నింపు కాలువను, మురుగు కాలువను మన పెద్దలు ఏనాడును కలపలేదు. బడి నెట్‌వర్కులోను అంతే. ఆఫీసు కంప్యూటర్లు ఒక కాలువ, పిల్లల ల్యాబు మరియొక కాలువ, వచ్చిపోవు అతిథుల ఫోన్లకు ఇచ్చు వైఫై మూడవ కాలువ, సీసీ కెమెరాలు నాలుగవది. మేనేజ్డ్ స్విచ్చి అనబడు రకము కొనినచో ఒకే పెట్టెలో ఈ నాలుగింటిని విడదీయవచ్చును. మామూలు స్విచ్చితో ఇది సాధ్యపడదు. ధరలో తేడా ఉన్నను, కమిటీవారు తగ్గించుకొనకూడని ఖర్చులలో ఇది మొదటిది. ల్యాబులో ఒక పిల్లవాని పెన్‌డ్రైవు నుండి వచ్చిన వైరసు ఆఫీసులోని మార్కుల జాబితా వరకు ప్రాకకుండ ఆపునది ఈ విభజనయే.

కొనకముందు

మేము సంఘములను దర్శించునప్పుడు కమిటీ పెద్దలు కొటేషను కాగితము చేతికిచ్చి, "అయ్యగారూ, ఇది మంచిదేనంటారా?" అని అడుగుచుందురు. ఆ కాగితములో యంత్రముల పేర్లు ఉండునే గాని బడి అవసరము ఉండదు. కావున ముందుగా తెల్లకాగితము తీసికొని, నెట్‌వర్కుతో మన బడిలో జరుగవలసిన పనులేవో వ్రాసికొనవలెను. ఆఫీసు లెక్కలా? ల్యాబులో ఇరవై మంది పిల్లల సాధనా? తరగతి తెరలపై పాఠములా? నెహెమ్యా గోడ కట్టకముందు రాత్రివేళ చుట్టును తిరిగి ఎక్కడెక్కడ పడిపోయెనో చూచిన సంగతి మనకు తెలిసినదే. బడి చుట్టును అటువంటి నడక ఒకటి చేయుట మంచిది. కరెంటు మీటరు ఎక్కడ, వాన నీరు ఎక్కడ నిలుచును, ఎలుకలు ఏ గదిలో, కిటికీకి ఊచలు ఏ గదికి లేవు అని చూడవలెను.

రెండవది, నీటి సంగతి. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతమంతయు దినముల తరబడి నీటిలో ఉండెను. అదే సమయమున ప్రకాశం బ్యారేజీ నుండి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద దిగువకు పోయెను. దివిసీమ వారికి 1977 నవంబరు 19 తుపాను సంగతి ఎవరును గుర్తుచేయనక్కరలేదు. ఇటువంటి నేలపై ఉన్న మనము సర్వరును, ప్రధాన స్విచ్చిని క్రింది అంతస్తులో నేలమీద పెట్టుకొనకూడదు. మేడ ఉన్నచో మేడమీద, లేనిచో గోడకు ఎత్తుగా బిగించిన ఇనుప పెట్టెలో పెట్టవలెను. నాగాయలంక, అవనిగడ్డ, మచిలీపట్నం వైపు ఉప్పు గాలికి కనెక్టర్లు త్వరగా చిలుము పట్టును. కావున పెట్టెకు మూత, ఏటా ఒక పరిశీలన అవసరము.

మూడవది, పిడుగు, కరెంటు. రాగి కేబులు ఒక్కొక్కటి 100 మీటర్లకు మించి పనిచేయదు. ఒక భవనము నుండి మరియొక భవనమునకు ఆరుబయట రాగి కేబులు లాగినచో పిడుగు పడినప్పుడు రెండు వైపుల యంత్రములను కాల్చివేయగలదు. భవనముల మధ్య ఫైబరు తీగ వేయించుడి. అది గాజుతో చేసినది గనుక దాని గుండా కరెంటు ప్రవహించదు. ఎర్తింగు సరిగా ఉన్నదో లేదో ఎలక్ట్రీషియను చేత కొలిపించుడి. రౌటరు, స్విచ్చి, సర్వరులకు యూపీఎస్ తప్పదు. కేబుళ్లను ఎలుకల నోటికి అందకుండ పైపులలో వేయించుడి.

నాలుగవది, ఇంటర్నెట్టు వేగము. ముప్పది మంది పిల్లలు ఒకేసారి వీడియో పాఠము చూచినచో ఒక్కొక్కరికి 2 లేక 3 ఎంబీపీఎస్ చొప్పున 60 నుండి 90 ఎంబీపీఎస్ కావలెను. పల్లెలో ఆ వేగము దినమంతయు నిలకడగా దొరకుట కష్టము. అయితే ఆ వీడియోలను రాత్రివేళ ఒకసారి దించుకొని బడిలోని సర్వరులోనే ఉంచినచో, పగలు పిల్లలు బడి లోపలి తీగలమీదనే చూడగలరు. బయటి లైను తెగినను పాఠము ఆగదు. కివిక్స్ అను ఉచిత సాఫ్ట్‌వేరుతో తెలుగు వికీపీడియాను సైతము ఇట్లు బడిలోనే ఉంచుకొనవచ్చును. ఇంట్లో చెరువు ఉన్నవాడు కాలువ కట్టివేసిన నెలలలో కంగారు పడడు గదా!

సాఫ్ట్‌వేరు విషయములో ఒక చేదు మాట

పాత కంప్యూటర్లను దానమిచ్చువారు మన సంఘములలో ఉన్నారు. వారికి వందనములు. కాని ఒక సంగతి తెలిసికొనవలెను. మైక్రోసాఫ్ట్ వారు విండోస్ 7కు 2020 జనవరి 14న, విండోస్ 10కు 2025 అక్టోబరు 14న మామూలు భద్రతా సవరణలు ముగించిరి. విండోస్ 11 చాలా పాత యంత్రములపై ఎక్కదు. సవరణలు రాని కంప్యూటరును నెట్‌వర్కుకు తగిలించుట, గడియ ఊడిన తలుపును వీధిలోనికి తెరచుటయే.

ఇది ఊహ కాదు. 2017 మే 12న వానాక్రై అను వైరసు ప్రపంచమంతట వ్యాపించినది. ఫైళ్లన్నిటికి తాళము వేసి, విప్పుటకు 300 డాలర్లు అడుగునది. ఇంగ్లండులో ఆసుపత్రుల పని ఆగినది. మన రాష్ట్రములోను, కృష్ణా, గుంటూరు సహా కొన్ని జిల్లాలలో పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దానికి చిక్కినవి. ఆ వైరసు దూరు కన్నమును పూడ్చు సవరణను మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, మార్చిలోనే విడుదల చేసినది. వేసికొనిన యంత్రములు నిలిచినవి, వేసికొననివి పడినవి.

ఇక చేదు మాట. చాలా బడులలో ఉన్న విండోస్ కొనినది కాదు, తస్కరించిన నకలు. "అందరూ అదే వాడుతున్నారండీ" అందురు. దొంగ నకలును తెరుచు 'క్రాక్' ఫైలులోనే వైరసు దాగియుండుట సామాన్యము. అంతకంటె, దొంగిలకూడదని పిల్లలకు నేర్పు గదిలోనే దొంగిలించిన వస్తువును పెట్టుకొని కూర్చుండుట మనకు తగునా? డబ్బు లేనప్పుడు దారి లేదని కాదు. కేరళ రాష్ట్రములో 2001లో మొదలైన ఐటీ అట్ స్కూల్ కార్యక్రమము క్రమముగా లైనక్స్ అను ఉచిత సాఫ్ట్‌వేరుకు మారినది. రెండు లక్షల బడి కంప్యూటర్లలో దానిని వాడుట వలన 3,000 కోట్ల రూపాయలు మిగిలినవని అక్కడి 'కైట్' సంస్థ ప్రకటించినది. అది పాత యంత్రములపైనను నడచును, సవరణలు ఉచితముగా వచ్చును. తెలుగులో పనిచేయును. మన దగ్గర కష్టమేమనగా దానిని నేర్పువారు తక్కువ, బయటి ఉద్యోగములలో విండోసే ఎక్కువ. కావున ఆఫీసు కొరకు రెండు మూడు విండోస్ లైసెన్సులు కొని, ల్యాబు అంతయు లైనక్స్‌తో నడుపుట చిన్న బడికి మధ్యే మార్గమని మా అభిప్రాయము.

అమ్మువాడు వెళ్లిపోయిన తరువాత

ట్యాబుల సంగతి పైన చెప్పితిమి. వాటిలో బైజూస్ సంస్థ పాఠములు నింపి ఇచ్చిరి. పాఠములు ట్యాబులోనే ఉన్నవి గనుక ఇంటర్నెట్టు లేని ఇంట్లోను తెరుచుకొన్నవి. అది మెచ్చుకొనదగినది. అయితే 2024 జూలైలో ఆ సంస్థ మీద దివాలా ప్రక్రియ మొదలైనది. అంత పెద్ద సంస్థ గతియే అట్లున్నప్పుడు, మన ఊరికి వచ్చి ఫీజుల సాఫ్ట్‌వేరు అమ్ము చిన్న సంస్థ పదేండ్లు నిలుచునని ఎవరు చెప్పగలరు?

అందుచేత ఒప్పందములో ఈ మాటలు వ్రాయించుకొనవలెను. పిల్లల వివరములు బడివే, సంస్థవి కావు. బడి అడిగిన దినమున వాటన్నిటిని మామూలు ఎక్సెల్ పట్టికగా తిరిగి ఇవ్వవలెను. ఒప్పందము ముగిసిన తరువాత తమ వద్ద నున్న ప్రతిని చెరిపివేసితిమని వ్రాసి ఇవ్వవలెను. రౌటరు, స్విచ్చి, కెమెరాలు, సర్వరు పాస్‌వర్డులన్నియు పని ముగిసిన నాడే కాగితముపై అప్పగించవలెను. ఏ తీగ ఏ గదికి పోయెనో చిత్రపటము ఇవ్వవలెను. చివరి బిల్లు వీటి తరువాతనే చెల్లించవలెను. కనీసము మూడు కొటేషనులు తీసికొని, ధర ఒక్కటే గాక, చెడినప్పుడు ఎన్ని గంటలలో వచ్చునో అదియు పోల్చవలెను. కమిటీ సభ్యుని బంధువు దుకాణమైనంత మాత్రమున ఈ షరతులు సడలించకూడదు.

ఇంకొకటి. కొనిన ఖరీదులో ఏటా పదియవ భాగమైనను మరమ్మతులకు, బ్యాటరీలకు, లైసెన్సులకు పక్కన పెట్టవలెను. దశమ భాగము తీయుట మన ప్రజలకు కొత్త కాదు గదా. ఆ భాగము తీయలేని బడి సగము యంత్రములే కొనుట మేలు.

కొన్న తరువాత

ఒక సంఘ పెద్ద మాతో, "పెట్టెలు కొనడమే కష్టంగా ఉంటే మళ్ళీ వాటికి ఇన్ని తాళాలెందుకండీ అయ్యగారూ" అనెను. తాళములు ఎక్కువేమియు లేవు. ఆరు మాత్రమే. వీటిలో చాలావాటికి డబ్బు అక్కరలేదు.

మొదటిది పాస్‌వర్డు. రౌటరుతోను, కెమెరాతోను వచ్చిన పాస్‌వర్డును ఆ దినమే మార్చవలెను. అవి లోకమంతటికి తెలిసినవే. 2025లో గుజరాత్ రాజ్‌కోట్‌లోని ఒక ప్రసూతి ఆసుపత్రి సీసీ కెమెరా దృశ్యములు బయటికి పొక్కి అమ్మకమునకు వచ్చిన సంగతి దేశమంతయు విన్నది. బడి కెమెరాలకు అటువంటి గతి పట్టినచో ఆడపిల్లల తల్లులకు మనమేమి జవాబు చెప్పగలము? ఆఫీసులో ప్రతివారికి వేర్వేరు పేరు, వేర్వేరు పాస్‌వర్డు ఉండవలెను. అప్పుడే ఎవరు ఏమి మార్చిరో తెలియును. మానిన ఉద్యోగి పేరును ఆ సాయంత్రమే తీసివేయవలెను.

రెండవది, పైన చెప్పిన కాలువల విభజన.

మూడవది, సవరణలు. వారమునకొక దినము, శనివారము మధ్యాహ్నమని పెట్టుకొని అన్ని యంత్రములకు సవరణలు వేయవలెను. రౌటరుకు సైతము సవరణలుండును. దానిని చాలామంది మరచుదురు.

నాలుగవది, బ్యాకప్పు. మూడు ప్రతులు, రెండు రకముల వస్తువులపై, అందులో ఒకటి బడి బయట. ఉదాహరణకు ఒకటి కంప్యూటరులో, ఒకటి విడి హార్డ్‌డిస్కులో, మూడవది పాస్‌వర్డుతో తాళము వేసి మరియొక ఊరి సంఘ కార్యాలయములోనో బ్యాంకు లాకరులోనో. హార్డ్‌డిస్కును బ్యాకప్పు అయిన వెంటనే ఊడదీయవలెను. తగిలించియుంచినచో వానాక్రై వంటి వైరసు దానికిని తాళము వేయును. బుడమేరు వచ్చినచో ఒకే గదిలోని రెండు ప్రతులును కలిసి మునుగును. మూడు నెలలకొకసారి ఆ ప్రతినుండి ఒక టీసీ తెరచి చూడవలెను. తెరిచి చూడని విత్తనాల బస్తాను నమ్మి నారు పోసికొను రైతు ఉండడు.

ఐదవది, పిల్లలకు తగని వాటిని అడ్డుట. రౌటరులో డీఎన్‌ఎస్ అను చోట క్లౌడ్‌ఫ్లేర్ సంస్థవారు 2020 నుండి ఉచితముగా ఇచ్చు 1.1.1.3 అను సంఖ్యను వ్రాసినచో అశ్లీల సైట్లు, వైరసు సైట్లు చాలావరకు తెరుచుకొనవు. అయితే అది చాలునని అనుకొనరాదు. తెలివైన పిల్లవాడు దాటగలడు, జేబులోని ఫోనుకు ఈ షట్టరు లేనే లేదు. తెరలన్నియు ఉపాధ్యాయునికి కనబడునట్లు బల్లలు వేయుట, ఆయన బల్లల మధ్య నడచుట, ఏదైన చూచి భయపడిన బిడ్డ తిట్లు తినక వచ్చి చెప్పుకొనగల వాతావరణము ఉండుట, ఈ మూడును ఏ యంత్రము ఇవ్వలేదు.

ఆరవది, మనుష్యుడు. విద్యాశాఖ పేరుతో వచ్చిన నకిలీ ఈమెయిలు, ఓటీపీ అడుగు ఫోను, దారిలో దొరికిన పెన్‌డ్రైవు, వీటి ద్వారానే చాలా దొంగతనములు జరుగును. 2024 డిసెంబరులో అమెరికాలో వేల బడులు వాడు పవర్‌స్కూల్ అను సాఫ్ట్‌వేరు నుండి లక్షలాది పిల్లల వివరములు పోయినవి. దొంగ గోడ బద్దలు కొట్టలేదు, ఎవరిదో ఒక పాస్‌వర్డుతో తలుపు తీసికొని వచ్చెను. ఆ సంస్థ సొమ్ము చెల్లించినను, 2025లో మరల బడులకు బెదిరింపులు వచ్చినవి. దొంగకిచ్చిన సొమ్ము మాట నిలబెట్టదు.

ఏదైన జరిగినచో ముందుగా ఆ యంత్రము నెట్‌వర్కు తీగను ఊడదీయుడి. చెరిపివేయవద్దు. డబ్బు పోయినచో వెంటనే 1930 నంబరుకు ఫోను చేయుడి. ఆలస్యమైన కొలది సొమ్మును ఆపుట కష్టమగును. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ అను ప్రభుత్వ సైటులో ఫిర్యాదు వ్రాయవచ్చును. నెట్‌వర్కులోనికి ఎవరైన చొరబడినచో ఆరు గంటలలోగా తెలియజేయవలెనని కేంద్రపు సెర్ట్-ఇన్ సంస్థ 2022 ఏప్రిలులో ఆదేశమిచ్చినది.

చట్టము ఏమనుచున్నది

2023లో పార్లమెంటు డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము చేసినది. దాని నియమావళి 2025 నవంబరులో వెలువడినది, ముఖ్యమైన విధులకు పదునెనిమిది నెలల గడువిచ్చిరి. ఈ చట్టములో 18 ఏండ్లు నిండని ప్రతివారు బిడ్డయే. బిడ్డ వివరములు తీసికొనుటకు తల్లిదండ్రుల సమ్మతి ఉండవలెను, ఆ సమ్మతి నిజమైనదని సరిచూడగలిగినదై యుండవలెను. చదువు, భద్రత పనులకు బడులకు కొన్ని మినహాయింపులున్నవి గాని, సమాచారమును భద్రముగా ఉంచు బాధ్యతనుండి మినహాయింపు లేదు. భద్రత చూపనివారికి జరిమానా 250 కోట్ల రూపాయల వరకు ఉండవచ్చును. చిన్న బడికి అంత వేయరు గాని, చట్టము దీనిని ఎంత బరువుగా తూచినదో ఆ అంకె చెప్పుచున్నది.

ప్రభుత్వపు దీక్షా యాప్‌కు సంబంధించిన సర్వరు ఒకటి తాళము లేక తెరచియుండుట వలన లక్షలాది ఉపాధ్యాయుల, విద్యార్థుల వివరములు ఏడాదికి పైగా ఎవరైన చూడగలిగినట్లు ఉండెనని 2023లో బయటపడినది. పెద్దవారికే ఇట్లు జరిగినప్పుడు మనము మరింత జాగ్రత్తగా ఉండవలెను.

ఇక్కడ అన్నిటికంటె చౌకయైన కాపుదల ఒకటి చెప్పుదుము. దాచలేని దానిని సేకరింపవద్దు. పోయిన వస్తువే దొంగ చేతిలో పడును గాని, లేని వస్తువు పడదు. ఆధార్ కాగితమును ఫొటో తీసి ఉపాధ్యాయుల వాట్సాప్ గ్రూపులో పెట్టుట నేడు పల్లెబడులలో మామూలైపోయినది. ఆ ఫొటో గ్రూపులోని ప్రతి ఫోనులోను నిలిచిపోవును. ఆ ఫోన్లు అమ్ముడుపోవును, పోగొట్టుకొనబడును. ఒక తల్లి మాతో, "మా అమ్మాయి ఫొటో, మా ఫోను నంబరు ఎవడి చేతిలో పడతాయోనండీ, చదువు మానిపించేద్దామంటున్నాడు వాళ్ల నాన్న" అనెను. ఇచ్చటనే అసలు నష్టమున్నది. ఒక్క అజాగ్రత్త వలన ఒక ఆడపిల్ల బడి మానివేయవచ్చును. అప్పుడు కంప్యూటర్లన్నియు ఎందుకు తెచ్చినట్లు?

లస్కరు ఎవరు?

కాలువకు లస్కరు లేనిచో షట్టరు ఎంత మంచిదైనను చేలు ఎండును, లేదా మునుగును. బడి నెట్‌వర్కుకును ఒక లస్కరు కావలెను. సాఫ్ట్‌వేరు ఇంజనీరే కానక్కరలేదు. శ్రద్ధ గల ఒక ఉపాధ్యాయుడో ఉపాధ్యాయినియో చాలును. వారికి శిక్షణ ఇప్పించి, వారమునకు రెండు పీరియడ్లు ఖాళీ ఇచ్చి, చిన్న భత్యము చెల్లించవలెను. ఉన్న పనిమీద ఊరక మోపినచో ఎవరును చేయరు. వారికి తోడుగా రెండవ వ్యక్తి అన్నియు ఎరిగియుండవలెను. పాస్‌వర్డులన్నిటిని వ్రాసి, కవరులో పెట్టి, సీలు వేసి, ఆ పాత ఇనుప బీరువాలోనే భద్రపరచుడి. బీరువాకు నేటికిని పని ఉన్నది.

మరి మరుగుదొడ్డి లేని బడికి నెట్‌వర్కు ఎందుకని అడుగువారున్నారు. న్యాయమైన ప్రశ్నయే. ఆడపిల్లలకు మరుగుదొడ్డి, త్రాగునీరు, ప్రహరీ గోడ లేనిచో ముందు అవి కట్టుడి. ఆఫీసుకు ఒక కంప్యూటరు, ఒక లైను, ఒక బ్యాకప్పు డిస్కుతో రెండేండ్లు గడపవచ్చును. నెట్‌వర్కు ఆలస్యమైనందున ఏ బిడ్డయు చెడదు. కాపలా లేని నెట్‌వర్కు వలన చెడవచ్చును.

తల్లిదండ్రులారా, ఈ నెల బడి సమావేశమునకు వెళ్లినప్పుడు ఈ ఐదు ప్రశ్నలు మర్యాదగా అడుగుడి.

1. మా బిడ్డ వివరములు ఏ కంప్యూటరులో ఉన్నవి, వాటిని ఎవరెవరు తెరువగలరు?

2. పిల్లల ల్యాబు, ఆఫీసు ఒకే నెట్‌వర్కులో ఉన్నవా, వేరుగా ఉన్నవా?

3. చివరి బ్యాకప్పు ఏ తేదిన తీసిరి, అది ఎక్కడ ఉన్నది, తెరచి చూచితిరా?

4. కెమెరాల పాస్‌వర్డు మార్చినది ఎవరు?

5. మా బిడ్డ ఆధార్ కాగితము వాట్సాప్‌లో తిరుగుచున్నదా?

మాకు కంప్యూటరు తెలియదు గదా అని వెనుకాడకుడి. బీరువా తాళపుచెవి ఎవరి వద్ద ఉన్నదని అడుగుటకు ఇంజనీరింగు చదువనక్కరలేదు. ప్రధానోపాధ్యాయులారా, ఈ ప్రశ్నలు వచ్చినప్పుడు నొచ్చుకొనకుడి. అడుగు తల్లిదండ్రులున్న బడియే బాగుపడును. మీరు చెప్పు జవాబును కమిటీ మినిట్సు పుస్తకములో వ్రాయించి సంతకము చేయుడి. వచ్చు సంవత్సరము అదే పుస్తకము తెరచి, ఏమి జరిగినదో ఏమి జరుగలేదో చూచుకొనవచ్చును.